నలభై కడ్డీలు, బెత్తెడు చొప్పున

సామ్రాజ్యాలను స్థాపించినవారు ముందు దూతలను, తరువాత సైన్యాన్ని, చివరకు పన్ను వసూలు చేసేవారిని పంపుతారని చరిత్రకారులు చెబుతారు. ఆ ఊరి చిత్తడినేలను జయించిన విజేత ఈ మర్యాదలేవీ పాటించలేదు. ఏ దూరదేశపు ఓడ అడుగునో కరుచుకుని, టిక్కెట్టు లేకుండా ప్రయాణించి, పది కాళ్ళతో దిగింది. అరచేతిలో ఇమిడే గోధుమరంగు పీత. దానికున్నది ఒకే వ్యసనం, తవ్వడం. తీరం వెంబడి ఉప్పుగడ్డి వేళ్ళ మధ్య తవ్వింది. గడ్డి చచ్చి, పట్టు తప్పిన మట్టి పెళ్ళలు పెళ్ళలుగా ఆటునీటితో సముద్రంలోకి పోగా, ఆ వెనక ఉన్న కరకట్ట పాదంలోకి తవ్వడం మొదలుపెట్టింది. దాన్ని తినే పక్షి ఆ తీరాన లేదు, చేప లేదు, దాని రుచి మరిగిన మనిషీ లేడు. కరకట్ట కార్యాలయంవారు వార్షిక నివేదికలో దాన్ని ‘అతిథి జీవి’ అని గౌరవంగా పేర్కొన్నారు. వచ్చి పద్నాలుగేళ్ళయినా అతిథి ప్రయాణమయ్యే సూచనలు లేవన్న సంగతి మాత్రం ఆ నివేదికలో చోటుచేసుకోలేదు.

కార్యాలయానికి చింత లేకపోవడానికి కారణం కడ్డీలు. కట్టకు సముద్రం వైపున, వాలు మీద పరిచిన రాతి తాపడం ముగిసే చోట, పోటున మునిగి ఆటున తేలే మట్టిలోకి నలభై ఇనుప కడ్డీలను అడ్డంగా దిగగొట్టారు. ఒక్కొక్కటి రెండు మూరల పొడుగు. బయటికి బెత్తెడు మాత్రం మిగిల్చారు. మట్టి కోసుకుపోతే కడ్డీ ఆ మేరకు బయటపడుతుంది. నెలకోసారి కొలిస్తే కట్ట ఎంత అరిగిందో తెలుస్తుంది. ఏ ఒక్క కడ్డీ అయినా మూరెడు బయటపడితే సైరను మోగించి, కట్ట వెనక పల్లంలో ఉన్న అరవై ఇళ్ళ వీధిని ఖాళీ చేయించాలి. ఇదీ నిబంధన. పక్క ఊళ్ళ కట్టలు ఏటేటా కరిగిపోతుంటే ఇక్కడ పదకొండేళ్ళుగా ఏ కడ్డీ బెత్తెడు దాటలేదు. దూరప్రాంతాల ఇంజనీర్లు వచ్చి, రిజిస్టరు చూసి, ముక్కున వేలేసుకుని వెళ్ళారు.

ఆ కీర్తి యావత్తూ ఒక మనిషిది. ముప్పై ఏళ్ళు వడ్రంగం చేసి, నడుం నొప్పి వల్ల వదిలేసి, కొలతలు తీసే ఉద్యోగంలో చేరిన పెద్దాయన. ఆఫీసంతా ఆయన్ను ‘బెత్తెడు మామ’ అనేది. ఆనాడు ఆయన ఉద్యోగానికి ఆఖరి రోజు. సాయంత్రం నాలుగింటికి సన్మానసభ. ఆయన స్థానంలోకి వచ్చినది స్వయానా ఆయన చెల్లెలి కూతురు. ఆ ఉద్యోగం ఇప్పించింది తన భర్త పలుకుబడేనని ఆయన భార్య, అంటే అత్తయ్య, వాదన. పరీక్ష రాసింది తాను గనుక తన బుర్రేనని మేనకోడలి వాదన. ఈ వివాదం మూడు వారాలుగా నడుస్తోంది.

ఆనాడే మధ్యాహ్నం మూడున్నరకు ఆ ఏటికెల్లా పెద్ద పోటు రానున్నది.

ఉదయం తొమ్మిదింటికి నీరు బాగా వెనక్కి తీసింది. మామయ్యా మేనకోడలూ మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు తొడుక్కుని కట్ట దిగి బురదలోకి నడిచారు. ఆయన భుజాన సంచీ, ఆమె చేతిలో రిజిస్టరు. ఇన్నేళ్ళూ పాత గుమాస్తా ఒడ్డునే కూర్చుని, కేక వినబడితే రాసుకునేవాడు. ఈమె దగ్గరగా చూసి నేర్చుకోవాలనుకుంది. అంతకుమించిన దురుద్దేశం ఆమెకు లేదు.

“ఒకటో నెంబరు?” అంది ఆమె.

“బెత్తెడు.”

“రెండు?”

“బెత్తెడు మీద ఒక వేలు.” సంచీలోంచి సుత్తి బయటికి వచ్చింది. టక్. టక్. “బెత్తెడు. రాసుకో.”

ఆమె కలం కాగితం మీద ఆగిపోయింది.

“మామయ్యా, ఇప్పుడు నువ్వేం చేశావు?”

“ఏం చేశాను?”

“సుత్తితో కొట్టావు.”

“ముందుకొచ్చింది కదే. చూస్తూ వదిలేయమంటావా?”

“ప్రతి నెలా కొడతావా?”

“మరి? నెలంతా బురదలో పడుండేవాటిని ఎవరు సవరిస్తారు, మీ ఇంజనీరా? ఒకటో నెంబరు లాంటివి బుద్ధిమంతులు, ఎప్పుడో గాని కదలవు. పదిహేడోది ఉంది చూడు, దానికి మహా పొగరు. నెలకు ఆరు దెబ్బలు పడితే గాని దారికి రాదు.”

అబద్ధమాడేవాడి గొంతు కాదది. పెంపుడు జంతువుల గుణగణాలు వివరించే యజమాని గొంతు. కడ్డీ ఎందుకు పాతారో ఆయనకు ఎవరూ చెప్పలేదు; చెప్పవలసినంత కష్టమైన విషయమని ఎవరికీ తోచలేదు. చేతికి టేపూ రిజిస్టరూ ఇచ్చి, కడ్డీలు బెత్తెడు చొప్పున ఉంటాయని చూపించి వెళ్ళిపోయారు. ముప్పై ఏళ్ళపాటు తలుపులకూ కిటికీలకూ మేకులు దిగగొట్టిన చేతులు తల ఎత్తిన ఇనుమును చూసి ఊరుకోలేకపోయాయి. కొలవడానికి ముందు సవరించడం ఆయన దృష్టిలో కనీస మర్యాద.

ఆమె వంగి కడ్డీ తల చూసింది. దెబ్బలు తిని తిని పుట్టగొడుగులా విచ్చుకుంది. మూడోదీ అంతే. నాలుగోదీ అంతే. అప్పుడామెకు మరొకటి తెలిసింది. పైనున్న రాళ్ళ అంచు నుంచి కారుతున్న నీటి చుక్కలు తన ముందు పడడం లేదు. తన వీపు వెనక పడుతున్నాయి.

కట్ట పాదాన నిలబడ్డాననుకుంటున్న ఆమె నిజానికి కట్ట లోపల నిలబడి ఉంది.

“టేపు ఇలా ఇవ్వు మామయ్యా.”

“ఎందుకే, ఇంకా ముప్పై ఆరున్నాయి.”

“ఇవ్వు.”

రాతి అంచు దగ్గర నుంచి లోపలి మట్టి దాకా కొలిచింది. మూడు మూరల మీద జానెడు. రాళ్ళు అంత మేర గాలిలో వేలాడుతున్నాయి, కింద ఏమీ లేకుండా, ఒకదాన్ని ఒకటి పట్టుకుని. లోపలి మట్టి గోడ నిండా కన్నాలు. ఒక్కో కన్నం ముందు ఒక్కో అతిథి తన ఇంటి అరుగు మీద కూర్చున్నట్టు కూర్చుని వీళ్ళను గమనిస్తోంది. ఆమె ఒక బొరియలోకి చెయ్యి పెట్టింది. మోచేయి దాకా పోయింది, భుజం దాకా పోయింది. వేళ్ళకు అడుగు తగల్లేదు.

ఆయన చూస్తూ నిలబడ్డాడు. రోజూ చూసే మొహంలో ముసలితనం కనబడనట్టు పదకొండేళ్ళుగా ఆయన చూస్తున్న గోడ అది. టేపు మీది అంకె చూశాడు. చేతిలోని సుత్తిని చూశాడు.

“అంటే... నేను కొట్టినప్పుడల్లా...”

“కట్ట ఎంత వెనక్కి పోయిందో, కడ్డీని కూడా అంతే వెనక్కి పంపావు మామయ్యా.”

“అన్నీనా?”

“అన్నీ.”

కట్టకు అవతల, సరిగ్గా ఈ రాళ్ళ వెనక, పల్లపు వీధి. అందులో కట్టను ఆనుకుని ఆయన ఇల్లు, ఇంటి ముందుగదిలో అత్తయ్య కుట్టుదుకాణం.

“పోటు మూడున్నరకు కదూ?” అన్నాడాయన.

“మూడున్నరకు.”

“అయితే సభకు అందరికంటే ముందు సముద్రం వస్తుంది.” నవ్వబోయాడు గాని పెదవులు సహకరించలేదు. “ఇంజనీరు దగ్గరికి పరుగెత్తు. రాళ్ళ కింద ఖాళీ ఉందని చెప్పు. వీధి ఖాళీ చేయించమను. ఒక్కటి మాత్రం... ఈ సుత్తి సంగతి చెప్పకు తల్లీ. ఇవాళ్టికి చెప్పకు.”

ఆమెకు సైకిలు తొక్కడం నేర్పినవాడు, మొదటి టేపు కొనిచ్చినవాడు అడిగాడు. తల ఊపింది. వీధి ఖాళీ అయితే చాలు, కారణం ఏదైతేనేం అనుకుంది.

కార్యాలయంలో వరుసగా కుర్చీలు వేశారు. బల్ల మీద అద్దం కట్టించిన ప్రశంసాపత్రం. ఇంజనీరుగారు మైకు ముందు నిలబడి “హలో, హలో, ఒకటి, రెండు” అంటూ, ఆ రెండు అంకెలనూ మహోపన్యాసంలా పలుకుతున్నాడు. ‘నిశ్చల తీరం’ అనే వ్యాసం రాసి రెండు మహాసభల్లో చదివిన మనిషి. మూడో మహాసభకు ఆహ్వానం జేబులో ఉంది.

“సార్, తాపడం కింద మూడు మూరలకు పైగా మట్టి లేదు. ఇవాళ్టి పోటుకు కట్ట ఆగదు. సైరను వేయించండి.”

“కడ్డీలేమంటున్నాయి?”

“కడ్డీల సంగతి పక్కన పెట్టండి సార్.”

“పక్కన పెట్టమంటావా! అమ్మాయీ, కడ్డీలు పక్కన పెడితే ఈ ఆఫీసులో ఇంకేం మిగులుతుంది? నేనూ, ఆ ఫ్యానూ!”

“ఒక్కసారి వచ్చి కళ్ళతో చూడండి.”

“కళ్ళు మోసపోతాయి. కొలత మోసపోదు. నువ్వు వచ్చి మూడు వారాలు, రిజిస్టరు వచ్చి పదకొండేళ్ళు. ఎవరి మాట వినమంటావు?”

“సార్, అరవై ఇళ్ళు.”

“అందుకే చెబుతున్నాను. అరవై ఇళ్ళను రోడ్డు మీదికి లాగి, సాయంత్రానికి కట్ట చెక్కుచెదరకుండా ఉంటే, అడిగేవాళ్ళకు నేనేం చూపించాలి? నీ కళ్ళా? ఒక్క కడ్డీ మూరెడు బయట ఉందని చూపించు, ఈ క్షణమే సైరను గది తాళం తీస్తాను. నిబంధనంటే నిబంధన.”

ఆమె నోటి దాకా వచ్చింది. కడ్డీలు ఎందుకు కదల్లేదో ఒక్క వాక్యంలో చెప్పవచ్చు. ఇచ్చిన మాట అడ్డొచ్చింది. మరోసారి బతిమాలింది, మరోసారి నిబంధన విన్నది, మీసాల వాచ్‌మన్‌ను సాయం అడిగితే అతను కుర్చీలు లెక్కపెట్టే పనిలో ఉన్నానన్నాడు. చివరికి, తన వెనకే వచ్చి తలుపు అవతల నిలబడిన మామయ్య వైపు చూసింది. తలుపు అవతల ఎవరూ లేరు. సంచీ కూడా లేదు.

ఆమె కట్ట మీదికి చేరేసరికి పన్నెండున్నర. నీరు అప్పటికే కడ్డీలకు జానెడు దిగువన ఉంది. రాళ్ళ కింద, నడుం దాకా బురదనీటిలో, పదిహేడో నెంబరు ముందు ఆయన కనిపించాడు. చేతిలో పెద్ద పటకారు.

“మామయ్యా, పైకి రా! రాళ్ళు పడతాయి!”

“మూరెడు కావాలన్నాడు కదా. మూరెడు లాగి చూపిస్తాను.”

“అది దొంగ కొలత అవుతుంది!”

“పదకొండేళ్ళు కొట్టింది దొంగ కొలత. ఇది దాన్ని తిరిగి తీసుకోవడం.”

తెలియక అబద్ధం చెప్పించిన ఇనుము చేత తెలిసి ఒక్క నిజం చెప్పించడానికి ఆయన కాళ్ళు తన్నిపెట్టి, పటకారు బిగించి, నెలకు ఆరు దెబ్బలు తిన్న ఆ మొండిదాన్ని బలంకొద్దీ లాగాడు. అది మొండికేయలేదు. వెన్నలోంచి వెంట్రుక వచ్చినట్టు మొత్తం వచ్చేసింది. ఆయన వెల్లకిలా నీళ్ళలో పడ్డాడు.

కన్నం మిగిలింది. అందులోంచి ముందు ఒక పీత తొందరగా బయటికొచ్చింది, దాని వెనక మరొకటి. తరువాత అల ఒకటి వచ్చి కన్నాన్ని కప్పింది. నీరు లోపలికి పోయింది. గుటగుట చప్పుడు చేస్తూ పోయింది, పోతూనే ఉంది. వెనక్కి రాలేదు.

ఇద్దరూ ఆ చప్పుడు విన్నారు. రెండో అల కూడా అలాగే పోయింది.

మరి పావుగంటకు ఇంజనీరుగారి బల్ల మీద, ప్రశంసాపత్రం పక్కన, బురదోడుతున్న రెండు మూరల ఇనుప కడ్డీ ఉంది.

“ఏమిటిది పెద్దాయనా?”

“పదిహేడో నెంబరు సార్.”

“ఎంత బయటికొచ్చింది?”

“మొత్తం.”

“మొత్తమంటే ఎన్ని మూరలు?”

“రెండు సార్. అంతకంటే పొడుగు లేదు.”

ఇంజనీరుగారు నిబంధనల పుస్తకం తెరిచాడు. మూరెడు బయటపడిన కడ్డీకి నిబంధన ఉంది. రాజీనామా చేసి స్వయంగా ఆఫీసుకు వచ్చిన కడ్డీకి లేదు. ఆయన పేజీలు ముందుకూ వెనక్కూ తిప్పుతుండగా ఫోను మోగింది. మేనకోడలు తీసింది. గొంతు గదంతా వినబడింది.

“ఎవరే, నువ్వేనా? మీ ఆఫీసు అతిథులు నా దుకాణంలోకి వచ్చారే! పదమూడు లెక్కపెట్టాను. పద్నాలుగోది మిషను పెడలు మీద కూర్చుంది. వెనక గోడ మొదట్లో నేల మెత్తబడింది, కర్ర పెడితే దిగిపోతోంది. మీ మామయ్య బెత్తెడో బెత్తెడో అంటుంటాడు కదా, ఎక్కడి నుంచి బెత్తెడో వచ్చి చెప్పమను!”

దుకాణం వెనక గోడ కట్టకు భూమి వైపున ఉంది. సముద్రం వైపున ఇల్లు కట్టుకున్న పీత భూమి వైపున తలుపు తీసింది. దీని అర్థం తెలియనంత అమాయకుడు కాదు ఇంజనీరుగారు. పుస్తకం మూసి, తాళంచెవి తీసి, సైరను గదికి పరుగెత్తాడు. పదకొండేళ్ళ తుప్పు పట్టిన తాళం తిరగలేదు. మామయ్య ఆయన్ను పక్కకు జరిపి సంచీలోంచి సుత్తి తీశాడు. మూడు దెబ్బలు. ఇంత కాలానికి ఆ సుత్తి ఊరికి చేసిన మొదటి ఉపకారం.

సైరను ఊరంతటినీ చీల్చుకుంటూ లేచింది.

“ఒక్క నెలలో!” ఇంజనీరుగారు చెవులు మూసుకుని అరిచాడు. “ఒక్క నెలలో ఇంత తవ్వాయా ఈ పీతలు!”

మామయ్యా మేనకోడలూ ఒకరినొకరు చూసుకున్నారు.

పల్లపు వీధిలో జనం సైరను అర్థం చేసుకోవడానికి ఐదు నిమిషాలు పట్టింది. దాన్ని ఎవరూ ఎప్పుడూ విని ఉండలేదు. మంగలి దుకాణంలోంచి ఒకాయన సగం గడ్డంతో బయటికొచ్చాడు. పిల్లల్ని చంకనేసుకున్నవాళ్ళు, గ్యాసుబండ దొర్లించుకుంటున్నవాళ్ళు, ఏమీ తీసుకోకుండా తాళం మాత్రం శ్రద్ధగా వేస్తున్నవాళ్ళు. వీధి చివర మెట్లెక్కితే మిట్ట మీద బడి ఉంది. అందరూ అటే.

అత్తయ్య మాత్రం గుమ్మంలో నిలబడి ఉంది.

“నలభై రెండు జతల యూనిఫాంలు. సాయంత్రానికి ఇస్తానన్నాను. రేపు పిల్లలు ఏం తొడుక్కుని పోవాలి?”

“రేపు బడి ఉండదు అత్తయ్యా!”

“ఉండదని చెప్పడానికి నువ్వేమైనా హెడ్‌మాస్టరువా? ఆ మూట పట్టు. ఏమండీ, ఆ మిషను ముట్టుకోకండి! నడుం పడిపోతే మిమ్మల్ని మోసేదెవరు, ఇంజనీరా?”

మామయ్య మిషను వదిలేశాడు. మారుమాట లేకుండా ఆమె చెయ్యి పట్టుకుని మెట్ల వైపు నడిపించాడు. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆయన అలా వీధిలో చెయ్యి పట్టుకోవడం అదే మొదలు. అప్పుడు గాని ఆవిడకు భయం వేయలేదు.

రెండుంబావుకు తలలు లెక్కపెట్టారు. ఒకటి తక్కువ. గడియారాలు బాగుచేసే ముసలాయన. చెవుడు. మేనకోడలు మూట పడేసి మెట్లు దిగింది. వీధిలో అప్పటికే చీలమండ లోతు నీరు. పైనుంచి వచ్చింది కాదు, నేలలోంచి ఊరుతున్నది. తలుపు బాదింది. లాభం లేదు. కిటికీ అద్దం రాయితో పగలగొట్టింది. లోపల ఆయన కంటికి భూతద్దం బిగించుకుని, ఒక చిన్న గడియారపు పొట్టలోకి చూస్తున్నాడు. పాదాలు నీళ్ళలో ఉన్నాయి. తల ఎత్తి, అద్దం ముక్కలు చూసి, కోపంగా అన్నాడు:

“తలుపు తీసే ఉంది కదా! తోస్తే వస్తుంది!”

ఆమె ఆయన్ను భుజాల కింద పట్టి లాక్కొచ్చింది. వాళ్ళు ఎనిమిదో మెట్టు మీద ఉండగా వెనక పెద్ద నిట్టూర్పు లాంటి శబ్దం వచ్చింది. ముందు రాళ్ళు కిందికి కూర్చున్నాయి, వయసు మీద పడిన పెద్దమనుషులు కూర్చున్నంత నెమ్మదిగా. తరువాత కట్ట నడుం దగ్గర ఇరవై అడుగుల మేర లేదు. ఆ ఖాళీలోంచి గోధుమరంగు గోడ ఒకటి లోపలికి నడిచి వచ్చి, కుట్టుదుకాణాన్ని దాటి, మంగలి దుకాణాన్ని దాటి, వీధి చివరి మెట్లను ముట్టుకుని ఆగింది. మూడు కావడానికి ఇంకా ఆరు నిమిషాలుంది. పోటు శిఖరం ఇంకా రానేలేదు.

ఐదింటికి బడి హాల్లో మనుషులంతా ఉన్నారు. ఇళ్ళే లేవు. ఇంజనీరుగారు ఆఫీసు నుంచి మైకు తెప్పించాడు. ప్రశంసాపత్రాన్ని కూడా తెప్పించాడు. విపత్తును సభగా మార్చగల సామర్థ్యం అందరికీ ఉండదు.

“ఒక్క నెలలో ఈ పరదేశి జీవులు జరిపిన ఆకస్మిక దాడి ఇది. ఏ శాస్త్రమూ ఊహించలేనిది. అయినా ఒక్క ప్రాణం పోలేదు. దానికి కారణం, ప్రాణాలకు తెగించి నీళ్ళలోకి దిగి, బయటపడిన కడ్డీని తెచ్చి హెచ్చరించిన మన బెత్తెడు మామ!”

చప్పట్లు కొట్టారు. మంగలి లేచి నిలబడి కొట్టాడు. అత్తయ్య గర్వం దాచుకోవడానికి యూనిఫాంల మూట ముడి సరిచేసుకుంది. మామయ్య తల వంచుకుని కూర్చున్నాడు.

“ఇక రాత్రి బస. ఈ హాలు ఇందరికి చాలదు గనుక, ఊరి ఉత్తరపు కట్ట వెనక మార్కెట్ గోదాముల్లో మీకు పడకలు ఏర్పాటు చేశాం. తెల్లవారుజామున ఇంకో పోటుంది, ఇంచుమించు ఇంతే ఎత్తు. భయపడకండి. ఉత్తరపు కట్టకు ముప్పై కడ్డీలున్నాయి. మొన్ననే చూశాం. అన్నీ బెత్తెడే.”

మేనకోడలు పక్కకు చూసింది. మామయ్య తల ఎత్తాడు. ఆయన కళ్ళలో ఉదయం రాళ్ళ కింద చూసిన చూపే ఉంది. ఆమె లేవబోయింది.

“నువ్వు కూర్చో తల్లీ. ఇది నేను చెప్పాలి.”

ఆయన లేచాడు. మైకు అక్కర్లేకపోయింది.

“సార్, ఆ ముప్పైని కూడా నేనే కొట్టాను.”

“ఏం కొట్టారు?”

“కడ్డీలు. ముందుకొచ్చినప్పుడల్లా లోపలికి కొట్టి, బెత్తెడని రాయించాను. ఇక్కడ పదకొండేళ్ళు, అక్కడ పదకొండేళ్ళు. పీతలు నెలలో తవ్వలేదు. అన్నేళ్ళూ తవ్వాయి. నాకు తెలియదు. ఇవాళ పొద్దున తెలిసింది. పొద్దున చెప్పలేదు.”



“పెద్దాయన షాక్‌లో ఉన్నారు,” అన్నాడు ఇంజనీరుగారు గబగబా. పదకొండేళ్ళ రిజిస్టరూ, రెండు మహాసభలూ, జేబులోని మూడో ఆహ్వానమూ ఆయన గొంతులో కలిసి పలికాయి. “కూర్చోండి. ఇవన్నీ తరువాత ఆఫీసులో మాట్లాడుకుందాం.”

“షాకూ లేదు, ఏమీ లేదు బాబూ,” అంది అత్తయ్య. ఆమె మొహంలో ఇందాకటి గర్వం ఆనవాలు కూడా లేదు. “ఇంట్లోనూ అంతే. గడియ వదులైతే ఆయనకు నిద్ర పట్టదు. కొట్టానన్నాడంటే కొట్టే ఉంటాడు.”

“నేను ఉదయం నుంచి ఉన్నాను,” అంది మేనకోడలు లేచి. “కడ్డీల తలలు చూశాను. తెలిసి నేనూ చెప్పలేదు.”

మంగలి ఇంకా నిలబడే ఉన్నాడు. చప్పట్లు కొట్టిన చేతుల్ని ఏం చేసుకోవాలో తెలియనట్టు చూసుకున్నాడు.

“మా ఇల్లు నువ్వు పోగొట్టావా మామా?”

“అవును.”

“పదకొండేళ్ళు నీకు ఊరికే గడ్డం గీశాను. కట్ట కాపాడుతున్నావని.”

“అవును.”

చెవిటి ముసలాయన, ఎవరో చెవిలో అరిచి చెప్పగా విని, అడిగాడు: “ఉత్తరాన ఎన్ని ఇళ్ళు?”

“నూట నలభై,” అంది మేనకోడలు.

“చీకటి పడ్డానికి గంటా పది నిమిషాలుంది,” అన్నాడాయన. రెండు చేతులకూ కలిపి మూడు గడియారాలున్నాయి. వాటిలో ఏ ఒక్కటీ మరోదానితో విభేదించలేదు.

“అయితే ముందు వాళ్ళను అక్కణ్ణించి కదిలిద్దాం పదండి,” అన్నాడు మంగలి. “నీ సంగతి తరువాత తేలుస్తాం మామా. తప్పించుకుంటావనుకోకు.”

“ఎక్కడికి పోతాను?” అన్నాడాయన.

ఇంజనీరుగారు మైకు పట్టుకుని, ఉత్తరపు కట్ట విషయంలో నిబంధన ఏమిటో వివరించసాగాడు. వినడానికి ప్రశంసాపత్రం ఒక్కటే మిగిలింది.

ఉత్తరపు వీధిలో దీపాలు ఇంకా వెలిగించలేదు. ఆయన ముందు నడిచాడు. వెనక పదడుగుల ఎడంలో ఊరు నడిచింది. ఆ ఎడంలోకి రావడానికి ఎవరికీ మనసొప్పలేదు. మేనకోడలు రెండు అడుగులు ముందుకు వేయబోతే అత్తయ్య చెయ్యి పట్టి ఆపింది. “ఉండనీ. మొదటి తలుపు ఆయన్నే కొట్టనీ.”

మొదటి తలుపు నీలంరంగుది. ఆయన వేళ్ళ ముడుకులతో కొట్టాడు. చేతులకు పిండి అంటిన ఒకామె తీసింది. ఆయన్ను చూసి మొహం విప్పారింది.

“బెత్తెడు మామా! మధ్యాహ్నం మీరేగా అందర్నీ కాపాడింది? లోపలికి రండి.”

“రాను తల్లీ. పిల్లల్ని తీసుకుని మిట్ట మీదికి నడవండి. మీ కట్ట గురించి నేను ఇన్నాళ్ళూ రాయించింది తప్పు.”

ఆమె మొహం మారడం ఆయన చివరిదాకా చూశాడు. ఆమె అనవలసింది అంది. అన్నంతసేపూ నిలబడి విన్నాడు. ఆమె లోపలికి వెళ్ళి పిల్లల్ని కేకవేయడం వినబడ్డాక, రెండో తలుపు వైపు నడిచాడు.